ఈ వారం వీడియోలో ఏరు దాటే షాట్ ఎందుకు లేదు?



ఈ వారం మన జగ్గన్నతోట ప్రభల తీర్థం వీడియో చూసినవాళ్ళకి ఒక లోటు కనిపించే ఉంటుంది. గంగలకుర్రు ప్రభ కౌశిక గట్టు దగ్గరికి వస్తుంది, అక్కడ వీడియో ఆగిపోతుంది. తర్వాతి షాట్‌లో ప్రభ అవతలి గట్టు మీద ఉంటుంది. అసలు అందరూ ఎదురుచూసేది మధ్యలో ఉన్న ఆ కాసేపే. అది నా దగ్గర లేదు. ఎందుకు లేదో చెబుతాను. చెబుతూనే గ్రామదైవం అంటే ఏమిటో కూడా నేర్చుకుందాం. నిజం చెప్పాలంటే పోయిన ఏడాది వరకు నాకూ సరిగ్గా తెలియదు.

ఇటలీ నుంచి వచ్చిన ప్రశ్న

మాది కడియం. నాన్నగారికి చిన్న నర్సరీ ఉంది. నేను ఇంజినీరింగ్ చేసి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా టీమ్‌లో ఒక ఇటలీ అబ్బాయి ఉన్నాడు. పోయిన ఏప్రిల్‌లో, మే 1 సెలవుకి ఏం చేస్తున్నావని మామూలుగా అడిగాను. "కొకుల్లో వెళ్తున్నా. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు. ఆ రోజు మా ఊరి సెయింట్ బయటికి వస్తాడు" అన్నాడు.

కొకుల్లో అంటే అబ్రుజ్జో ప్రాంతంలో కొండమీద ఒక చిన్న పల్లె. అక్కడ కాపురం ఉండేవాళ్ళు మూడొందలమంది కూడా ఉండరు. వాళ్ళ పాలక పునీతుడు సాన్ దొమేనికో. 951లో పుట్టి 1031లో చనిపోయిన సన్యాసి. పాముకాటు నుంచి కాపాడతాడని అక్కడివాళ్ళ నమ్మకం. ప్రతి ఏటా మే 1న ఆయన విగ్రహాన్ని గుడిలోంచి బయటికి తెచ్చి, విషం లేని బతికున్న పాముల్ని దాని మీద వేసి, భుజాల మీద ఎత్తుకుని వీధుల్లో తిప్పుతారు. పండగ అయ్యాక ఆ పాముల్ని మళ్ళీ కొండల్లో వదిలేస్తారు. నాకు వెంటనే మన నాగుల చవితి గుర్తొచ్చింది.

అంతా చెప్పి అతను అడిగాడు: "మరి మీ ఊరి సెయింట్ ఎవరు?"

"మాకు చాలామంది దేవుళ్ళు" అన్నాను.

"అందరూ కాదు. మీ ఊరివాడు ఎవరు?"

పన్నెండు జ్యోతిర్లింగాల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. వాటి మీద వీడియోలు కూడా చేశాను. కానీ ప్రతి వేసవికీ వెళ్ళిన మా అమ్మమ్మగారి ఊరు గంగలకుర్రులో శివుడి పేరేమిటో నాకు గుర్తులేదు. మాకది "శివాలయం", అంతే. రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. "చెన్నమల్లేశ్వరుడురా! నీ పుట్టువెంట్రుకలు తీయించింది ఆయన దగ్గరే కదా" అంది. సిగ్గేసింది అండి.

మూడు రకాల బంధం

మనకి దైవంతో మూడు దారుల్లో బంధం ఉంటుంది. ఇష్టదైవం మనం ఎంచుకున్నది. కులదైవం వంశం నుంచి వచ్చేది. గ్రామదైవం నేల నుంచి వచ్చేది. ఆ మట్టిలో పుట్టినా, ఆ నీళ్ళు తాగినా చాలు, ఆయన మనవాడే. మనకి నమ్మకం ఉందా లేదా అన్నది కూడా ఆయన అడగడు.

ఇంకో సంగతి. గర్భగుడిలో మూలవిరాట్టు కదలడు. కదిలేది ఉత్సవమూర్తి. గుడిదాకా రాలేని ముసలివాళ్ళు, మంచం పట్టినవాళ్ళు, చేను వదల్లేని రైతు, వీళ్ళందరి దగ్గరికీ స్వామే వస్తాడు. ఊరేగింపు అర్థం అదే. అయితే ఉత్సవమూర్తికి సొంత కాళ్ళు లేవు. ఊరి కాళ్ళే ఆయన కాళ్ళు.

పదకొండు ఊళ్ళు, ఒక తోట

జగ్గన్నతోట అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర ఉన్న ఒక కొబ్బరితోట. అక్కడ గుడి లేదు, గోపురం లేదు. ఏడాదంతా అది మామూలు తోటే. కనుమ రోజున మాత్రం చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు, అంటే ఏకాదశ రుద్రులు, ప్రభల మీద అక్కడికి వచ్చి కలుసుకుంటారు. లోకక్షేమం గురించి మాట్లాడుకోవడానికి వస్తారని పెద్దల మాట. నాలుగు వందల ఏళ్ళ నాటి ఆనవాయితీ అంటారు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే.

ఆ ఊళ్ళు: వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, మొసలపల్లి, పాలగుమ్మి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, పెదపూడి. మొసలపల్లి భోగేశ్వరుడు ఆతిథ్యం ఇచ్చేవాడు కాబట్టి ముందు వచ్చి చివర వెళ్తాడు. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ రాగానే మిగతా ప్రభలన్నిటినీ గౌరవంగా ఒకసారి పైకి లేపుతారు. పెద్దాయన వస్తే మనం లేచి నిలబడతాం కదా, అలాగన్నమాట.

ప్రభ అంటే వెదురు బద్దలు వంచి అర్ధచంద్రాకారంలో కట్టి, రంగు గుడ్డలు, జేగంటలు, నెమలి పింఛాలు, వరి కుచ్చులతో అలంకరించి, మధ్యలో స్వామిని కూర్చోబెట్టే పెద్ద కట్టడం. దాన్ని భుజాల మీద మోస్తారు. దారిలో పచ్చటి చేలు అడ్డొస్తే చేలల్లోంచే వెళ్తారు. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు కౌశిక నీళ్ళలోకి దిగి దాటాలి.

మావయ్య కండువా

ఈ కనుమకి కడియపులంక పూల మార్కెట్‌లో బంతి, చామంతి దండలు తీసుకుని, రావులపాలెం వంతెన దాటి పొద్దున్నే గంగలకుర్రు చేరాం. నా ప్లాన్ అంతా షూటింగే. రెండు కెమెరాలు, మూడు బ్యాటరీలు. ఏరు దాటే షాట్ ఏ గట్టు నుంచి తీయాలో ముందురోజే మావయ్యని ఫోన్లో అడిగి పెట్టుకున్నాను.

మావయ్య ముప్ఫై ఏళ్ళు ప్రభ మోశారు. కుడి భుజం మీద కాయ కట్టి ఉంటుంది. ఈసారి మోకాలి ఆపరేషన్ అయింది, మొయ్యకూడదన్నారు డాక్టర్లు. కొడుకులిద్దరిలో ఒకడు బెంగళూరు, ఒకడు డల్లాస్. గట్టు మీద నా పక్కనే నిలబడ్డారు. ప్రభ దగ్గరికి వచ్చేసరికి తన కండువా తీసి నాలుగు మడతలు వేసి నా భుజం మీద పెట్టారు.

"కెమెరా ఇలా ఇవ్వరా అల్లుడూ. దిగు."

"ఇదెవరు తీస్తారు మావయ్యా?"

"తియ్యకపోతే ఏమవదు. మొయ్యకపోతే అవుద్ది."

దిగాను. ప్రభ కింద ఏమీ కనిపించదు అండి. ముందువాడి వీపు, నీళ్ళు, అంతే. చుట్టూ "అశ్శరభ శరభ" అని అరుపులు, పైన జేగంటల మోత. నీళ్ళు నడుము దాటాక కాలికింద బురద జారింది. ఒక్కసారిగా నా భుజం కర్రకి దూరమైంది. పడలేదు గానీ ఆ కాసేపు నేను ఏమీ మొయ్యలేదు. అయినా ప్రభ ఒరగలేదు. పక్కన ఉన్నతను పళ్ళు బిగించి ఇంకొంచెం వంగాడు. నావైపు చూడనుకూడా లేదు. "కాలు కూడదీసుకోండి, పర్లేదు" అన్నాడు. నా వంతు బరువు ఎక్కడికీ పోలేదు. అతని మీదకి వెళ్ళింది.

అవతలి గట్టు ఎక్కాక నాకు తట్టింది ఒకటే. బురదలో నేను వంతు తప్పింది కాసేపే. కానీ ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి ఒక్క కనుమకీ నేను రాలేదు. అన్నేళ్ళూ నా వంతు ఎవరో మోశారు. ఎవరూ అడగలేదు, లెక్క రాసుకోలేదు.

దాటిన తర్వాత ప్రభ నడిచిన చేలల్లో మావయ్యది కూడా ఉంది. కొత్తగా వేసిన దాళ్వా నాట్లు, వందల పాదాలు. "ఎంత నష్టం మావయ్యా?" అని అడిగాను. నవ్వి, "స్వామి మన చేలో కాలు పెట్టాడని చెప్పుకుంటాంరా, నష్టం అని ఎవడు చెప్పుకుంటాడు?" అన్నారు.

రుద్రులు అంటే ఎవరు?

బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుణ్ణి శాకల్యుడు ఈ ప్రశ్నే అడుగుతాడు. యాజ్ఞవల్క్యుడి జవాబు సారాంశం ఇది: మనిషిలోని పది ప్రాణాలు, పదకొండవదిగా ఆత్మ, ఇవే ఏకాదశ రుద్రులు. ఇవి శరీరాన్ని వదిలి వెళ్ళేటప్పుడు అయినవాళ్ళని ఏడిపిస్తాయి, అందుకే రుద్రులు.

ఇది చదివినప్పుడల్లా ఇప్పుడు నాకు మావయ్య ఇల్లు గుర్తొస్తుంది. ఊరికి ప్రాణం అంటే ఊళ్ళో తిరిగే మనుషులే. చెన్నమల్లేశ్వరుడు కనుమ పొద్దున ఊరు దాటి వెళ్తాడు, తీర్థం అయ్యాక తిరిగి ఇంటికి వస్తాడు. మనమూ వెళ్ళాం. వెళ్ళడం తప్పు కాదు, నేనూ మళ్ళీ హైదరాబాద్ బస్సెక్కినవాణ్ణే. కానీ తిరిగి రావడం కూడా ఆ ఆచారంలో సగం అని ప్రభ కింద నిలబడేదాకా నాకు తెలియలేదు.

ఈ వారం మన అభ్యాసం

చిన్న పని అండి. ఇంట్లో పెద్దవాళ్ళకి ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి. మన ఊరి దైవం పేరేమిటి? ఆయన లేదా ఆ తల్లి ఏ రోజు బయటికి వస్తారు? ఆ రోజు మన ఇంటి వంతు పని ఏమిటి? మొయ్యడమే కానక్కర్లేదు. పూలు తేవడం, మజ్జిగ పోయడం, తాడు పట్టుకోవడం, ఏదైనా సరే. ఆ తేదీని ఇప్పుడే క్యాలెండర్‌లో పెట్టుకుని, సెలవు ముందే అడగండి.

సోమవారం కాల్‌లో మా ఇటలీ అబ్బాయికి చెప్పాను, మా ఊరివాడి పేరు చెన్నమల్లేశ్వరుడని. పలకడానికి మూడుసార్లు ప్రయత్నించాడు పాపం.

వచ్చే కనుమకి కూడా ఏరు దాటే షాట్ నేను తియ్యను. గట్టు మీద నిలబడి తీసిపెట్టేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే రండి. మధ్యలో భుజం మార్చుకుందాం.

హరహర మహాదేవ.