దారిలో ఎదురైనవారి మీద కోపము

పాఠ్య భాగము: నిర్గమకాండము 5వ అధ్యాయము. దీనితో కూడ ద్వితీయోపదేశకాండము 24:14, 15. యాకోబు 5:4 చదువుకొనవలెను.



మన గ్రామములలో ఇటుకలు కోయు పని చూడనివారు లేరు గనుక, ఈ అధ్యాయములోని కష్టమును గూర్చి నేను విస్తరించి చెప్పనక్కరలేదు. మట్టిలో ఊకయో గడ్డియో కలుపనియెడల ఇటుక ఎండునప్పుడే బీటలు వారును. ఆ గడ్డిని ఇయ్యక, ఇటుకల లెక్క మాత్రము తగ్గింపక పని చేయించుమని ఫరో ఆజ్ఞాపించెను. ఎందుకు? మోషే అహరోనులు వెళ్లి అతనిని ఏమి అడిగిరో మొదటి మూడు వచనములలో చూడుడి. మూడు దినముల ప్రయాణము, అరణ్యములో దేవునికి ఒక పండుగ. అంతే. పనివారికి పండుగ సెలవు అడిగిరి. వారు సోమరులు గనుకనే అడుగుచున్నారని ఫరో అనెను. పనివాడు విశ్రాంతి అడిగినప్పుడు యజమానుని నోట వచ్చు మాట నాటినుండి నేటివరకు పెద్దగా మారలేదు.

అయితే ఈ మాసము మనము నిలిచి చూడవలసినవి 20, 21 వచనములు. ఇశ్రాయేలీయుల నాయకులు దెబ్బలు తిని, ఫరో యొద్ద మొఱపెట్టి, అక్కడ న్యాయము దొరకక బయటికి వచ్చుచుండగా, దారిలో మోషే అహరోనులు నిలిచియుండిరి. కోపమంతయు వారి మీద పడెను. ఆజ్ఞ ఫరోది, దెబ్బలు ఫరో మనుష్యులవి. నింద మాత్రము మోషేది. ఫరో సింహాసనము ఎత్తున ఉన్నది. మోషే చేతికి అందునంత దూరములో ఉన్నాడు.

బుధవారపు ప్రార్థన కూటములో నేను ఈ సంగతి చెప్పుచుండగా, మా సంఘములో డెబ్బది యేండ్లు దాటిన ఒక పెద్దాయన అడ్డుపడెను. "అయ్యగారూ, ఆ నాయకులు అన్నదానిలో తప్పేమున్నది? నేనును ఒకప్పుడు అట్లే అన్నాను" అనెను. ఎప్పుడని అడిగితిని. "రైల్వే సమ్మె నాడు" అనెను.

ఆయన చెప్పినది 1974వ సంవత్సరపు సమ్మె. నేను అప్పటికి పుట్టలేదు. మీలో చాలమంది కూడ పుట్టియుండరు. గనుక దానిని గూర్చి కొంత చెప్పవలెను. 1974 మే 8వ తేదీన మన దేశమంతట రైల్వే పనివారు సమ్మెకు దిగిరి. అప్పుడు రైల్వేలలో దాదాపు 17 లక్షల మంది పని చేయుచుండిరి. సమ్మె మే 27 వరకు, అనగా ఇరువది దినములు జరిగెను. మే మాసమనగా మీకు తెలియును గదా. బడులకు సెలవులు, పెండ్లిండ్లు, కూతుండ్లు పిల్లలతో పుట్టిండ్లకు వచ్చు కాలము. బొగ్గును ధాన్యమును మోయు గూడ్సు బండ్లు నడుపుటకే ప్రభుత్వము ముఖ్యముగా చూచినందున ప్రయాణికుల బండ్లు అనేకములు రద్దయ్యెను.

మన పెద్దాయన అప్పుడు ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని ఇంటికి వచ్చుచుండెను. ఆ వారములోనే ఆయన చెల్లెలి పెండ్లి. పెండ్లి చీర ఆయన పెట్టెలోనే ఉన్నది. ఒక జంక్షను స్టేషనులో రెండు రాత్రులు కూర్చుండెను. బస్సులలో కాలు పెట్టుటకు చోటు లేదు. ఇంటికి చేరునప్పటికి పెండ్లి జరిగిపోయెను. పిల్ల తన పిన్ని చీర కట్టుకొని పెండ్లి పీట మీద కూర్చుండెను. "ఆ రెండు రాత్రులు ప్లాటుఫారము మీద మేమందరము వాళ్లను తిట్టనివారము లేము. తిన్న యింటికి ద్రోహము చేసిరని నేనే గట్టిగా అరిచితిని. ఇప్పటికిని నా చెల్లెలు ఆ చీర మాట ఎత్తును" అనెను.

ఈ దుఃఖము చిన్నదని నేను అనను. సమ్మె జరిగినప్పుడు ముందుగా దెబ్బ తగులునది మంత్రులకు కాదు. మూట నెత్తిన పెట్టుకొని స్టేషనుకు నడిచి వచ్చినవానికి తగులును. పనివారి సంఘములు ఈ మాట మరచిపోరాదు. ధాన్యపు బండి ఆగినయెడల మొదట పస్తుండువాడు బీదవాడే. అయినను ప్లాటుఫారము మీద కూర్చున్నవానికి కనబడనివి కొన్ని ఉన్నవి, వాటిని మనము చూడవలెను.

అవి ఎక్కువగా ఆవిరి యంత్రముల దినములు. నిప్పుగూటి యెదుట నిలిచి, మన మే నెల ఎండలో, ఫైర్‌మన్ పారతో బొగ్గు వేయుచుండవలెను. డ్రైవరులును ఫైర్‌మన్లును ఒక్కసారి బండి ఎక్కిన తరువాత 12, 14 గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి దిగకుండ పని చేయుట వాడుకగా ఉండెను. దీనిని గూర్చి 1973 ఆగస్టులో వారు సమ్మె చేయగా, పని దినము 10 గంటలకు తగ్గింతుమని ప్రభుత్వము ఒప్పుకొనెను. ఆ మాట నెరవేరుటలో జాప్యము జరిగినదని వారి ఫిర్యాదు. ప్రభుత్వపు కర్మాగారములలో పనివారికి బోనసు ఉండగా రైల్వే పనివారికి లేదు. ఆ దినములలో ధరలు బహుగా పెరిగెను, జీతము దానికి తగినట్టు పెరుగలేదు. గడ్డి లేదు, ఇటుకల లెక్క తగ్గలేదు. ద్వితీయోపదేశకాండములో ఆ దినపు కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని దేవుడు చెప్పినప్పుడు కారణము కూడ చెప్పెను: పనివాని ప్రాణము దానిమీదనే ఆశ పెట్టుకొనియున్నది.

సమ్మెకు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్. ఈయన 1930లో మంగళూరులో ఒక రోమన్ కతోలిక కుటుంబములో పుట్టి, పదునారేండ్ల వయస్సున గురువు కావలెనని బెంగుళూరు సెమినరీకి పంపబడెను. అక్కడ పెద్ద గురువులు ఎత్తు బల్లల యొద్ద మంచి భోజనము చేయుచుండగా విద్యార్థులకు వేరు భోజనము పెట్టుట చూచి సహింపలేక బయటికి వచ్చితినని తరువాత చెప్పెను. నేనును సెమినరీలో చదివినవాడనే. ఈ సంగతి చదివినప్పుడు కొంతసేపు పుస్తకము మూసివేసితిని. ఆయన చేసినదంతయు సరియని చెప్పుట నా ఉద్దేశము కాదు. ఎత్తు బల్లలను గూర్చి మాత్రము, 1 కొరింథీయులకు 11వ అధ్యాయము చదువు మనము తేలికగా మాటలాడరాదు.

చర్చలు ఇంక ముగియకముందే, మే 2వ తేదీన ఫెర్నాండెజును బంధించిరి. వేలకొలది పనివారిని చెరసాలలో వేసిరి. అనేక స్థలములలో వారి కుటుంబములను రైల్వే క్వార్టర్ల నుండి వెళ్లగొట్టిరి. సమ్మె న్యాయమా కాదా అని విశ్వాసులు రెండు విధములుగా తలంచవచ్చును. తండ్రి పనికి రాలేదని స్త్రీలను పసిపిల్లలను వీధిలో నిలువబెట్టుటకు లేఖనములో ఏ ఆధారమును నాకు కనబడలేదు. మే 18వ తేదీన పోఖ్రాను వద్ద అణు పరీక్ష జరుగగా దేశమంతయు దానిని గూర్చియే మాటలాడెను. రైలు పనివారిని తలంచుకొనువారు తగ్గిపోయిరి. మే 27న ఏమియు చేతికి రాకుండగనే సమ్మె ముగిసెను.

నేను ఇంతవరకు చెప్పి ప్రార్థన చేయబోవుచుండగా, వెనుక చాప మీద కూర్చున్న ఒక విధవరాలు, మన సంఘములో ఎన్నడును మాటలాడని ఆమె, మెల్లగా అనెను: "మా నాన్న ఫైర్‌మన్ అయ్యగారూ. నాకు అప్పుడు పదేండ్లు. ఆయనను రాత్రి పట్టుకొనిపోయిరి. రెండు దినముల తరువాత మా సామాను బయట పెట్టిరి. మా అమ్మ మమ్మును తీసికొని స్టేషనులోనే పడుకొన్నది. అక్కడి జనము మమ్మును చూచి, మీ వాళ్ల మూలముగానే మాకీ తిప్పలు అనిరి. మాకు మంచినీళ్లు కూడ ఒకరు పోయలేదు."

ఎవరును మాటలాడలేదు. అది పెద్దాయన కూర్చున్న స్టేషను కాదు. నేను తరువాత విచారించితిని. అయినను ఆయన తల ఎత్తలేదు. ఇరువది యేండ్లుగా ఈ యిద్దరు ఒకే మందిరములో, ఒకే రొట్టెలో పాలు పంచుకొనుచున్నారు. ఒకరి సంగతి మరియొకరికి తెలియదు. ఇది కాపరిగా నా లోపము కూడ.

22వ వచనములో మోషే నాయకులకు ఎదురు చెప్పలేదని గమనింపుడి. వారి నిందను మోసికొని దేవుని యొద్దకే తిరిగి వెళ్లి, ఈ ప్రజలకు ఎందుకు కీడు కలిగినదని అడిగెను. ఫరో యొద్ద పోగొట్టుకొన్న మాటను నాయకులు మోషే మీద చూపిరి. మోషే దానిని చేర్చవలసిన స్థలమునకు చేర్చెను.

కూటము ముగిసిన తరువాత పెద్దాయన చేతికఱ్ఱ ఊనుకొని వెనుకకు వెళ్లెను. "మీ నాన్నను మరల పనిలోనికి తీసికొన్నారామ్మా?" అని అడిగెను.

"తీసికొన్నారు అన్నా, 1977లో ప్రభుత్వము మారిన తరువాత. 1979లో బోనసు కూడ ఇచ్చిరి. ఆ డబ్బుతో మాకందరికిని బట్టలు తీసెను."

"ఏ బండి మీద చేసెడివాడు?"

"గూడ్సు అన్నా. ప్రతి క్రిస్మసుకును డ్యూటీయే."

వచ్చు మాసము 6వ అధ్యాయము చదువుదము.