మేఘ భాండాగారము

హైదరాబాదు నగరమున మూసీనది ఉత్తరపుటొడ్డున అంబర్‌పేట కలదు. 2020వ సంవత్సరము అక్టోబరు నెలలో కుంభవృష్టి కురిసి మూసీ పొంగినపుడు, అంబర్‌పేటను మలక్‌పేటతో కలుపు మూసారాంబాగు వంతెన నీట మునిగెను. వరదనీరు చొచ్చిన యింట తడిసి చెడునవి బియ్యమును బట్టలును మాత్రమే కావు. చదువుల పట్టాలు చెడును. కంప్యూటరు చెడినచో అందు దాచిన లేఖలు, ఛాయాచిత్రములు గూడ పోవును.

ఇట్టి నష్టమును తప్పించు ఏర్పాటే క్లౌడ్ కంప్యూటింగు. క్లౌడ్ అనగా మేఘము. కాని యీ మేఘము ఆకాశమున లేదు. పెద్ద భవనములలో రేయింబవళ్లు పనిచేయు వేలకొలది కంప్యూటరుల సముదాయమే అది. మనము దాచదలచినది ఇంటర్నెట్టు ద్వారా అచ్చటికి చేరును. సాధారణముగా దాని ప్రతులను పలు యంత్రములందు ఉంచుదురు. కావున ఒకటి చెడినను సమాచారము నశింపదు. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతమున ఇట్టి కేంద్రములను ప్రారంభించెను. భారత ప్రభుత్వము 2015లో నెలకొల్పిన డిజిలాకరు వలన విద్యార్థి తన మార్కుల పత్రమును ఏ యూరినుండియైనను చూపగలడు.

అయినను పరుల యింట దాచిన సొత్తునకు పరుల కట్టుబాట్లు తప్పవు. గూగుల్ సంస్థ ఛాయాచిత్రములను ఎన్నింటినైనను ఉచితముగా దాచుకొననిచ్చి, 2021 జూను నుండి ఉచిత నిల్వకు 15 గిగాబైట్ల హద్దు పెట్టెను. ఇంటర్నెట్టు లేనిచో ఆ భాండాగారము తెరచుకొనదు. పాస్‌వర్డు ఇతరులకు చిక్కినచో దాచినదెల్లయు వారి వశమగును. కావున విలువైన పత్రముల నకలు మేఘమందు ఒకటియు, ఇంట ఎత్తైన చోట ఒకటియు ఉంచుకొనుట వివేకము.