ముందు చేత్తో వెయ్యి

అమ్ములూ,

నువ్వు పంపిన గ్రాఫు రెండు రోజులుగా నా బల్ల మీదే ఉంది. అయిదు పరిమాణాల్లో ఐన్‌స్టీన్ కృష్ణబిలానికి ఒక గీత, గాస్-బోనే పదం కలిపాక ఇంకో గీత. వ్యాసార్థం పెద్దదిగా ఉన్నచోట రెండూ కలిసే నడిచాయి. చిన్నదయ్యేకొద్దీ మొదటిదాని ఉష్ణోగ్రత అలా ఎగిసిపోయింది, రెండోది మాత్రం కొంత ఎక్కి సున్నాకి దిగిపోయింది. గీతలు సరిగ్గానే ఉన్నాయి. ఎందుకు దిగిందో మాత్రం నువ్వు ఒక్క ముక్కా రాయలేదమ్మా. నా బెంగంతా అదే.

సిద్ధాంతాన్ని మార్చినప్పుడల్లా ఒక ప్రశ్న వేసుకో: మారింది మెట్రిక్కా, సమీకరణాలా? కృష్ణబిలాలు వికిరణం వెలువరిస్తాయని చూపిన 1974 నాటి హాకింగ్ లెక్కకి కావలసింది హొరైజన్, దాని చుట్టూ క్వాంటమ్ క్షేత్రం. ఉష్ణోగ్రత హొరైజన్ దగ్గరి ఉపరితల గురుత్వం నుంచి వస్తుంది. అందుకే 1981లో అన్‌రూ, ధ్వని వేగాన్ని దాటి పారే ద్రవంలోనూ అలాంటి వికిరణం ఉండాలని చెప్పగలిగాడు. అక్కడ ఐన్‌స్టీన్ సమీకరణాల ఊసే లేదు. ఎంట్రోపీ అలా కాదు, అది సమీకరణాలనే పట్టుకుని ఉంటుంది. హొరైజన్ వైశాల్యంలో నాలుగో వంతు అన్న సూత్రం ఐన్‌స్టీన్ సిద్ధాంతానిది. మిగతావాటికి 1993లో వాల్డ్ ఇచ్చిన సూత్రం వాడాలి. ఎఫ్-ఆర్ సిద్ధాంతాల్లో వక్రత స్థిరంగా ఉండే కృష్ణబిలాన్ని తీసుకో: మెట్రిక్ పాతదే, ఉష్ణోగ్రతా పాతదే, ఎంట్రోపీ మాత్రం ఒక గుణకంతో మారుతుంది.

నీ వయసులో నేను ఈ తేడా పట్టించుకోలేదు. సిద్ధాంతం మార్చి, ఎంట్రోపీ పాతదే ఉంచేశాను. కృష్ణబిలాల ఉష్ణగతికశాస్త్రపు మొదటి నియమం ఎంతకీ కుదరలేదు. తప్పు కూడికలో ఉందనుకుని ఆరు నెలలు అవే పేజీలు తిరగేశాను. ఆ నెలలు నీకు పోకూడదనే ఇంత రాస్తున్నాను.

మనకి ఆ నియమం తప్ప వేరే త్రాసు లేదు. సూర్యుడంత బరువున్న కృష్ణబిలం ఉష్ణోగ్రత కెల్విన్‌లో కోటీ 60 లక్షలవ వంతు. చుట్టూ ఉన్న విశ్వ నేపథ్య వికిరణం 2.7 కెల్విన్లు. కృష్ణబిలం వెలువరించే దానికంటే మింగేదే ఎక్కువ. ఏ దుర్భిణీ వచ్చి మన లెక్క దిద్దదు.

కాబట్టి కంప్యూటర్ మూసి, చేత్తో వెయ్యి. గాస్-బోనే పదం గుణకాన్ని ఆల్ఫా అనుకుంటే, ద్రవ్యరాశి, వ్యాసార్థం వర్గానికి ఆల్ఫా కలిపినదానికి అనుపాతంలో ఉంటుంది. అవకలనం చేస్తే ఆల్ఫా పోతుంది. ఉష్ణోగ్రత హారంలో మాత్రం వ్యాసార్థం వర్గం పక్కన రెండు ఆల్ఫాలు కూర్చున్నాయి. గీతను కిందికి లాగింది అవే. ద్రవ్యరాశిలో మార్పుని ఉష్ణోగ్రతతో భాగించి సమాకలనం చెయ్యి. వైశాల్యంలో నాలుగో వంతు వచ్చాక, పక్కనే వ్యాసార్థంతో పెరిగే పదం ఇంకొకటి మిగులుతుంది. దాన్ని వాల్డ్ సూత్రంతో పోల్చి చూడు.

బయటికొచ్చే వికిరణాన్ని చుట్టూ ఉన్న అవరోధం ఎంత ఆపుతుందన్నది వేరే లెక్క. దాని జోలికి ఇప్పుడే వెళ్లకు. ముందు ఆ పేజీ ఫొటో తీసి పంపు, కొట్టివేతలతో సహా.

పెదనాన్న