చీము ఎక్కడి నుంచి వస్తుంది?

ఈసారి మన రక్తంలోని తెల్ల కణాల గురించి రాస్తున్నాను. అవి రోగక్రిములతో పోరాడతాయని పరీక్షలో ఒక మార్కుకు రాస్తాం. ఎట్లా పోరాడతాయి, ఆసుపత్రిలో పట్టుకునే క్రిముల దగ్గర ఎందుకు తడబడతాయి అని ఎవరూ అడగరు. నేను అడిగాను. బయాలజీ మేడమ్ ఓపికగా చెప్పారు, కొంత లైబ్రరీ పుస్తకాల్లో చదివాను.

ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో, అంటే గుండుసూది తలంత చుక్కలో, ఎర్ర కణాలు సుమారు 50 లక్షలు ఉంటే తెల్ల కణాలు 4,000 నుంచి 11,000 వరకే. వాటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ అనే రకం. ఎముకల లోపలి మజ్జలో ఇవి రోజుకు దాదాపు పదివేల కోట్లు తయారవుతాయట. లెక్క సరిగ్గా విన్నానో లేదో అని మేడమ్‌ని మళ్ళీ అడిగాను. ఆయుష్షు మాత్రం తక్కువ.

కాలిలో ముల్లు దిగితే మర్నాటికి అక్కడ ఎర్రగా వాచి వేడిగా ఉంటుంది గదా. 1882లో ఇటలీలోని మెస్సీనాలో మెచ్నికాఫ్ అనే రష్యా శాస్త్రవేత్త నక్షత్ర చేప పిల్లకు ముల్లు గుచ్చి, సూక్ష్మదర్శినిలో చూశాడు. తెల్లారేసరికి కదిలే కణాలు ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి. మన తెల్ల కణాలదీ ఇదే పని. ఆయనకు 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

దెబ్బ తగిలిన చోటు నుంచి కొన్ని రసాయనాలు బయలుదేరతాయి. న్యూట్రోఫిల్ ఆ జాడ పట్టుకొని వస్తుంది. రక్తనాళం గోడకు అంటుకొని, కంచె సందులోంచి కోడిపిల్ల దూరినట్టు బయటికి దూరుతుంది. క్రిమిని చుట్టేసి మింగుతుంది. మింగాక ఏం చేస్తుందో తెలిసి నాకు ఆశ్చర్యం వేసింది. హైపోక్లోరస్ ఆమ్లం తయారుచేసి దాని మీద పోస్తుంది! బావిలో బ్లీచింగ్ పౌడర్ చల్లితే నీళ్ళలో పుట్టి క్రిములను చంపేది కూడా ఆ ఆమ్లమే. 2004లో ఇంకో సంగతి బయటపడింది. కొన్ని న్యూట్రోఫిల్స్ చనిపోతూ తమ డి.ఎన్.ఎ.నే వలలాగా విసిరి క్రిములను పట్టేస్తాయి. ఇట్లా చచ్చిన తెల్ల కణాలు, క్రిములు, పాడైన కండ కలిసిందే చీము.

ఆసుపత్రిలో చేరిన 48 గంటల తర్వాత మొదలయ్యే ఇన్‌ఫెక్షన్‌ని సాధారణంగా అక్కడ పట్టుకున్నదిగా లెక్కిస్తారు. వీటిలో పేరుమోసిన క్రిమి స్టాఫిలోకాకస్ ఆరియస్. పదిమందిలో సుమారు ముగ్గురి ముక్కులో ఊరికే ఉంటుంది. ఆపరేషన్ కోతో, సూది రంధ్రమో దొరికితే లోపలికి పోతుంది. ఆరియస్ అంటే లాటిన్ భాషలో బంగారు రంగుది అని అర్థం. ఆ రంగు అందానికి కాదు. తెల్ల కణం పోసే విషాన్ని ఆ రంగు పదార్థమే అడ్డుకుంటుంది. పైగా ఇది తెల్ల కణాలకే చిల్లులు పొడుస్తుంది. మెథిసిలిన్ మందుకు లొంగని రకం 1961లో ఇంగ్లాండులో బయటపడింది. మందులు ఎక్కువ వాడే చోట మొండివే మిగులుతాయి మరి.

మా పెద్దమ్మ కూతురికి ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి కాన్పు చేశారు. ఎనిమిదో రోజు జ్వరం, కుట్ల దగ్గర చీము. రిపోర్టు ఇంట్లో ఎవరూ చదవలేరు, సెలవులకు వెళితే నా చేతికిచ్చారు. తెల్ల కణాలు 18,600 అని ఉంది. కాన్పు అయిన కొత్తలో మామూలుగానే కొంత పెరుగుతాయట, అయినా ఇది ఎక్కువే. "రక్తం చెడిపోయిందా బిడ్డా?" అని పెద్దమ్మ అడిగింది. "చెడిపోలేదు పెద్దమ్మా, అక్క ఒళ్ళు దండును పిలుచుకుంది, అందుకే అంకె పెరిగింది" అని చెప్పాను. చీము తీసి ఇంజక్షన్లు చేశాక తగ్గింది. కాని గూడెంలో ఆడవాళ్ళు, ఆసుపత్రికి పోతే లేని రోగం అంటిస్తారు, ఇంట్లో కాన్పే మేలు అంటున్నారు. ఇందులో మొదటి సగం అబద్ధమని నేను అనలేను. రెండో సగం ప్రమాదం. ఇంట్లో రక్తం ఆగకుండా పోతే ఏ తెల్ల కణమూ ఆపలేదు.

మొదటి సగానికి వియన్నా నగరం సాక్ష్యం. అక్కడి పెద్దాసుపత్రిలో డాక్టర్లు శవాలను కోసిన చేతులతోనే వచ్చి కాన్పులు చేసేవారు. 1847 ఏప్రిల్‌లో ఒక వార్డులో బాలింతలు నూటికి 18 మంది చనిపోయారు. సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు మే నెలలో క్లోరిన్ కలిసిన సున్నపు నీళ్ళతో అందరి చేతులూ కడిగించాడు. జూన్‌లో నూటికి ఇద్దరే. చూడండి, అదీ బ్లీచింగ్ జాతిదే! ఆ తల్లుల రక్తంలో తెల్ల కణాలు ఏప్రిల్‌లోనూ ఉన్నాయి, జూన్‌లోనూ ఉన్నాయి. మారింది వాటి మీదికి వచ్చే క్రిముల సంఖ్య.

తెల్ల కణాలు నిజంగా చేతులెత్తేసేది ప్లాస్టిక్ దగ్గర. సెలైన్ కోసం చేతికి పెట్టే సన్న గొట్టం మీద, మూత్రం గొట్టం మీద క్రిములు రాతి మీద నాచులాగా జిగురు పొర కట్టుకొని దాక్కుంటాయి. న్యూట్రోఫిల్ ఆ పొరను మింగలేదు, మందు కూడా సరిగ్గా పనిచేయదు. మనవాళ్ళేమో సెలైన్ ఎక్కితే బలమని, అవసరం తీరినా ఇంకో సీసా పెట్టమంటారు. గొట్టం పెట్టిన చోట ఎర్రబడి, గట్టిపడి, నొప్పి పెడితే వెంటనే నర్సమ్మకు చూపించాలి. గొట్టం తీసేస్తే క్రిములు దాక్కున్న చోటు దానితోపాటే పోతుంది. మిగిలిన వాటిని తెల్ల కణాలు, మందు కలిసి చూసుకుంటాయి.