సందేహాలు - సమాధానాలు: టర్బోకి బూస్ట్ కంట్రోలర్

పటమట, విజయవాడ నుంచి ఒక పాఠకుడు:
నాది 2014 మోడల్ పోలో జీటీ టీఎస్ఐ. పికప్ ఇంకాస్త కావాలని ఉంది. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకి మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్లు దొరుకుతున్నాయి. ఏది కొనమంటారు?

ఏదీ కొనవద్దు. కొన్నా మీ కారులో బిగించడానికి చోటే లేదు. ఈ కంట్రోలర్లన్నీ ఒకే పని చేస్తాయి. టర్బో నుంచి వేస్ట్‌గేట్ (ఎక్కువైన ఎగ్జాస్ట్‌ని టర్బో పక్కనుంచి పంపేసే తలుపు) యాక్చుయేటర్‌కి వెళ్లే సన్నటి గాలి పైపుని మధ్యలో కోసి, అక్కడ కూర్చుని, ఆ గాలిని కాసేపు ఆపుతాయి. యాక్చుయేటర్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, ఈలోగా బూస్ట్ పెరుగుతుంది. మీ 1.2 లీటర్ ఇంజిన్లో వేస్ట్‌గేట్‌ని కదిపేది గాలి కాదు, చిన్న ఎలక్ట్రిక్ మోటారు. దానికి వెళ్లేది వైరు. పైపే లేనప్పుడు కోసేది దేన్ని?

టర్బో కారు ఉన్నవాళ్లందరూ కొనే ముందు బానెట్ ఎత్తి ఈ ఒక్కటి చూడండి. యాక్చుయేటర్‌కి రబ్బరు పైపు వెళ్తోందా, వైరు కనెక్టర్ వెళ్తోందా? పైపు ఉన్నా, దాని మధ్యలో కంపెనీ సోలనాయిడ్ కనిపిస్తే బూస్ట్ పగ్గాలు ఈసీయూ చేతిలో ఉన్నట్టే. మీరు బయటినుంచి బూస్ట్ పెంచితే సెన్సర్ పట్టేస్తుంది. ఈసీయూ థ్రాటిల్ మూసేస్తుంది, లేదా కారు లింప్ మోడ్‌లోకి పోతుంది. అలాంటి కార్లలో మార్చాల్సింది ఈసీయూలోని లెక్కలని, అంటే రీమ్యాప్. అది కూడా మార్పుకి ముందూ తర్వాతా బూస్ట్, ఇగ్నిషన్ టైమింగ్, గాలి వేడి లాగ్ తీసి చూపించేవాడి చేతే చేయించుకోండి. లాగ్ చూపించలేనివాడికి కారు తాళం ఇవ్వకండి.

గుడివాడ నుంచి మరొకరు:
పాత పెట్రోలు కారుకి టర్బో వేయించాను, మెకానికల్ వేస్ట్‌గేట్. ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్లాలని కోరిక. మాన్యువల్ పెట్టాలా, ఎలక్ట్రానిక్ పెట్టాలా? ఎంత బూస్ట్ పెట్టుకోవచ్చు?

బూస్ట్ కంట్రోలర్ అసలు పుట్టింది మీలాంటి కారు కోసమే. అందుకే వివరంగా చెబుతాను.

యాక్చుయేటర్ లోపలి స్ప్రింగు ఎంతకి తెరుచుకుంటుందో అదే మీ కనీస బూస్ట్. ఏ కంట్రోలరూ అంతకన్నా తగ్గించలేదు, పెంచడమే చేయగలదు. అందువల్ల స్ప్రింగు మెత్తటిది ఉండటమే మంచిది. ముందు కంట్రోలర్ లేకుండా పైపు నేరుగా కలిపి నడిపి చూడండి. అప్పుడు కూడా ఆర్‌పీఎం పెరిగేకొద్దీ బూస్ట్ ఎక్కుతూనే ఉంటే వేస్ట్‌గేట్ దారి చాలట్లేదు. ఎంత ఖరీదైన కంట్రోలర్ పెట్టినా ఆ జబ్బు నయం కాదు.

మాన్యువల్‌లో రెండు రకాలు. సిగ్నల్ గాలిలో కొంత బయటికి వదిలేసేది బ్లీడ్ వాల్వ్. చవక, కానీ వాతావరణం మారితే దాని బూస్టూ మారుతుంది. నేనైతే వాడను. రెండోది బాల్-స్ప్రింగ్ రకం. మీరు పెట్టిన ఒత్తిడి వచ్చేదాకా బాల్ దారి మూసి ఉంచుతుంది, రాగానే లేస్తుంది. బూస్ట్ త్వరగా అందుతుంది, దాదాపు నిలకడగా ఉంటుంది. కొనేటప్పుడు బాడీకి గాలి వదిలే సన్నటి రంధ్రం ఉందో లేదో చూడండి. అది లేకపోతే గాలి పైపులోనే ఇరుక్కుని వేస్ట్‌గేట్ వెంటనే మూసుకోదు.

ఎలక్ట్రానిక్ రకంలో సోలనాయిడ్ సెకనుకి ఎన్నోసార్లు తెరుచుకుని మూసుకుంటూ ఒత్తిడిని నడిపిస్తుంది. తీసుకుంటే, తన బూస్ట్‌ని తనే చదివి సరిదిద్దుకునేది, హద్దు దాటితే ఆపేసేది తీసుకోండి. సోలనాయిడ్‌ని ఎగ్జాస్ట్ వేడికి దూరంగా బిగించండి. కరెంటు పోతే బూస్ట్ స్ప్రింగు స్థాయికి పడిపోయేలా పైపులు కలపాలి. ఆ కలపడం తప్పితే జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు, బూస్ట్ హద్దు లేకుండా ఎక్కుతుంది.

పదేళ్ల కిందట ఆటోనగర్‌లో మా షెడ్డుకి లారీ మీద ఒక కారు వచ్చింది. సిగ్నల్ పైపుకి క్లిప్పు వేయలేదు. హైవే మీద పైపు ఊడింది, వేస్ట్‌గేట్‌కి కబురు అందలేదు, బూస్ట్ హద్దు లేకుండా ఎక్కింది. రెండు పిస్టన్లు పగిలాయి. ఆ కుర్రాడు దాచుకున్న డబ్బంతా ఒక్క క్లిప్పు లేక పోయింది. ఆ రోజు వాడి ముఖం నాకింకా కళ్లముందే ఉంది. అందుకే చెబుతున్నాను: పైపు పొట్టిగా, గట్టిగా ఉండాలి, రెండు చివర్లా క్లిప్పు ఉండాలి. సిగ్నల్ టర్బో కంప్రెసర్ దగ్గరే తీసుకోవాలి, థ్రాటిల్ దాటాక కాదు.

ఇక ఎంత బూస్ట్ అన్న ప్రశ్న. చల్లటి దేశాల్లో రాసిన అంకెలు మన డెల్టాకి తెచ్చుకోకండి. మే నెలలో బయట 45 డిగ్రీలు ఉందనుకోండి. 0.8 బార్ బూస్ట్‌కి, టర్బో 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తే, బయటికొచ్చే గాలి దాదాపు 130 డిగ్రీలు. 1 బార్ చేస్తే 145 దగ్గర. ఆ వేడిని ఇంటర్‌కూలర్ దించాలి. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబడ్డ కారు ఇంటర్‌కూలర్‌కి గాలి తగలదు, అదే ఎండలో ఉడుకుతుంది. సిగ్నల్ పడగానే కాలు నొక్కితే నాకింగ్ మొదలవుతుంది. దానితో చెడేది హెడ్ గ్యాస్కెట్, లేదా పిస్టన్. గాలి వేడెక్కితే పల్చబడుతుంది కూడా. 15 డిగ్రీలతో పోలిస్తే 45 డిగ్రీల దగ్గర అదే పరిమాణం గాలిలో ఆక్సిజన్ దాదాపు పదో వంతు తక్కువ.

కాబట్టి డబ్బు ఖర్చు పెట్టే వరుస మార్చండి. ముందు బూస్ట్ గేజ్, గాలి-ఇంధనం మిశ్రమం చూపించే వైడ్‌బ్యాండ్ మీటరు, మంచి ఇంటర్‌కూలర్. ఆ తర్వాతే కంట్రోలర్. పెట్రోలు 95 ఆక్టేన్ వాడండి. ఇథనాల్ కలిపిన ఈ20లో ఆక్సిజన్ కలిసే ఉంటుంది కాబట్టి పాత ఇంజెక్షన్‌కి మిశ్రమం పల్చబడుతుంది, మీటరు చూసి ఇంధనం పెంచాలి. స్ప్రింగు స్థాయి నుంచి మొదలుపెట్టి ఒక్కో పీఎస్ఐ పెంచుతూ వెళ్లండి. ఆ పరీక్షలు ట్రాక్ మీద, మధ్యాహ్నపు ఎండలోనే చేయండి. తెల్లవారుజామున బాగా నడిచిందని సంబరపడకండి. మీ అవసరానికి బాల్-స్ప్రింగ్ చాలు.

మచిలీపట్నం నుంచి:
ఇవన్నీ పెడితే ఆర్టీవో ఇబ్బంది ఉంటుందా?

ఉంటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చెప్పకుండా చేసిన మార్పు బయటపడితే ఇన్సూరెన్స్ క్లెయిముకి కూడా చిక్కే. ట్రాక్ కారుని ట్రాలీ మీద తీసుకెళ్లండి.

అవనిగడ్డ నుంచి:
స్విఫ్ట్ డీజిల్. పికప్ పడిపోయింది, నల్లపొగ వస్తోంది. కంట్రోలర్ పెడితే బాగుపడుతుందా?

మీకు కావలసింది కొత్త బూస్ట్ కాదు, కారిపోతున్న పాత బూస్ట్. నల్లపొగ అంటే డీజిల్‌కి సరిపడా గాలి అందట్లేదన్నమాట. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. వరికోతల రోజుల్లో మన రోడ్ల మీద ఊకదుమ్ముకి అది నెలలోనే మూసుకుపోవచ్చు. అది బాగుంటే టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడినుంచి ఇంజిన్‌కి వెళ్లే పైపులన్నీ చేత్తో తడమండి. ఎక్కడ ఆయిల్ చెమ్మ తగిలితే అక్కడ చీలిక కోసం వెతకండి. మడత లోపల ఉన్న చీలిక కంటికి కనబడదు, పైపు ఊడదీసి వంచి చూస్తేనే తెలుస్తుంది.