పిల్లవాడి అల్లరి – పరీక్షకు ఏమి తీసుకురావాలి?



“సిస్టర్, మావాడు ఒక్క నిమిషం కుదురుగా ఉండడు. బడిలో రోజూ దెబ్బలే. తలకి స్కానింగ్ తీయించమంటారా?” పిల్లల ఓ.పి.లో మేము తరచుగా వినే మాట ఇది.

ఎ.డి.హెచ్.డి. అనే ఏకాగ్రత లోపాన్ని స్కానింగ్ గాని రక్తపరీక్ష గాని తేల్చలేవు. డాక్టరుగారు పిల్లవాడిని చూసి, ఇంట్లోవాళ్ళనీ బడివాళ్ళనీ అడిగి తెలుసుకోవాలి. ఈ లక్షణాలు 12 ఏళ్ళలోపే కనబడి ఉండాలి, ఆరు నెలలకు తగ్గకుండా సాగుతుండాలి, కనీసం రెండు చోట్ల ఇబ్బంది పెడుతుండాలి. ఇంట్లో మాత్రమే అల్లరి చేసి బడిలో బాగానే ఉంటే కారణం వేరే వెతకాలి.

కనుక టీచరుగారి చేత ఒక కాగితం రాయించి తీసుకురండి. “చదవడు, మాట వినడు” అని రాస్తే మాకు ఉపయోగం లేదు. ఎంతసేపు కూర్చోగలుగుతున్నాడు, లెక్క సగంలో వదిలేస్తున్నాడా, పెన్సిళ్ళు రోజూ పోగొడుతున్నాడా, తన వంతు వచ్చేదాకా ఆగగలడా – ఇవి కావాలి. సండేస్కూలు టీచరుగారిని కూడా అడగండి. అక్కడ మార్కుల భయం ఉండదు గనుక కొందరి అసలు తీరు అక్కడే తెలుస్తుంది. ప్రోగ్రెస్ కార్డులు, నోటుపుస్తకాలు కూడా తెండి.

ముందుగా కన్ను, చెవి పరీక్ష చేయించాలి. బోర్డు కనబడని పిల్లవాడు పక్కవాడిని గిల్లుతూ కూర్చుంటాడు మరి! రాత్రి గురకపెట్టి నిద్ర చాలని పిల్లలు, రక్తం తక్కువైనవారు, అక్షరాలు పట్టుబడనివారు, ఇంట్లో తాగుడూ కొట్లాటా చూసి బెదిరినవారు కూడా ఇలాగే కనిపిస్తారు. ఉన్నట్టుండి కొన్ని క్షణాలు చూపు నిలిపి, పిలిచినా పలకకపోతే అది ఫిట్స్ కావచ్చు, తప్పక చెప్పండి.

ఆడపిల్లల సంగతి మరీ మరుగునపడుతుంది. అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే పిల్లను “నెమ్మదైనది” అని వదిలేస్తారు.

ఈ లోపం మీ పెంపకం వల్ల రాలేదు, దయ్యం వల్ల అంతకంటే రాలేదు. ప్రార్థన చేయండి, మేమూ చేస్తాము. కాని దయ్యం వదిలిస్తామని పిల్లవాడిని కట్టి కొట్టేవారి దగ్గరకు మాత్రం తీసుకువెళ్ళకండి.

ఆరేళ్ళలోపు పిల్లలకు ముందు తల్లిదండ్రులకే శిక్షణ ఇస్తారు. పెద్ద పిల్లలకు అవసరాన్నిబట్టి మందులు కూడా రాస్తారు. వాటిని డాక్టరు చీటీ లేకుండా కొనకూడదు, ఇంకొకరి బిడ్డకు ఇవ్వకూడదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జబ్బుల జాబితాలో ఇదీ ఉంది. బడికి వచ్చే వైద్య బృందానికి చూపించవచ్చు. టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే అడగవచ్చు.

ఒక్కసారి వస్తే తేలకపోవచ్చు, పాత చీటీలు పారేయకండి. పిల్లవాడి ఎదుట “వీడు మొద్దు” అని చెప్పవద్దు. అటువంటి మాటలుంటే వాడిని మా సిస్టరు దగ్గర కూర్చోబెట్టి, మీరు మాత్రం లోపలికి వెళ్ళండి.