జున్ను వండే చేతికి కస్టర్డ్ పై ఎంత పని?

ఓవెన్ లేదు, బేకరోళ్ల పని మనకెందుకు అనకు చెల్లీ. కస్టర్డ్ పైల సగం విద్య నీ చేతికి ఎప్పుడో వచ్చింది. బర్రె ఈనినంక జున్ను వండని ఇల్లు నడిగడ్డల ఉంటదా? వనపర్తి దిక్కు పెబ్బేరు సంతకు పోయినోళ్లు సూడిబర్రెను చూసి పాల లెక్క వేస్తరు. ఇంట్ల మనం వేసేది జున్ను లెక్క!

మొదటి పూట పాలు పచ్చగ, జిగటగ ఉంటయి కదా. వాటిల మాంసకృత్తులు మామూలు పాలకంటే చానా ఎక్కువ. వేడి తగిలితే అవే గడ్డకడ్తయి. తోడు వద్దు, గుడ్డు వద్దు. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద పెడ్తే అయిపాయె. కానీ దూడ కడుపు నిండినంకనే మన గిన్నె. రోగాన్ని ఆపే శక్తి దానికి ఆ పాలల్లనే దొరకాలె, అదీ పుట్టిన మొదటి గంటలల్లనే. అత్తమ్మ తొందరపెట్టినా నువ్వు ఆగు.

జున్నుపాలు లేనప్పుడు ఆ గడ్డకట్టే పని గుడ్డుతోని చేయిస్తరు, అదే కస్టర్డ్. డబ్బాల పొడి సంగతి వేరే. 1837ల ఇంగ్లండుల, బర్మింగ్‌హామ్‌ల మందులషాపు నడిపే ఆల్‌ఫ్రెడ్ బర్డ్, భార్యకు గుడ్డు పడదని మొక్కజొన్న పిండితోని చేసిండు. గుడ్డు తిననోళ్లకు మంచిదే గానీ, పైల పోస్తే నాకు పిండి రుచే తగుల్తది.

ఇగ పని మొదలుపెట్టు. మైదా 200 గ్రాములు, చల్లని వెన్న 100 గ్రాములు, చిటికెడు ఉప్పు. వేళ్ల కొసలతోని రవ్వ లెక్క నలిపి, చల్లని నీళ్లు మూడు నాలుగు చెంచాలు పోసి ముద్ద చెయ్యి. చపాతీ పిండి పిసికినట్టు పిసికితే అట్టముక్కే. అరగంట ఫ్రిజ్‌ల పెట్టి, ఒత్తి, పళ్లెంల పరిచి, ఫోర్కుతోని పొడువు. మీద కాగితం వేసి ఎండు శనగలు పోసి ముందుగాల ఉత్తగనే కాల్చు. లేకుంటే పాలు పోయంగనే అడుగు నానిపోతది. ఓవెన్ లేకుంటే మందపాటి గిన్నెల ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూతేసి పది నిమిషాలు కాగనిచ్చి, పళ్లెం అందుల పెట్టి కాల్చు.

ఇగ కస్టర్డుకు అరలీటరు గోరువెచ్చని పాలు, మూడు గుడ్లు, 100 గ్రాముల చక్కెర, యాలకుల పొడి. గిలక్కొట్టిన గుడ్లల్ల పాలు మెల్లగ పోసి వడగట్టు, నురగ రానియ్యకు. ఇంట్ల బర్రె ఈనిందా, గుడ్లు మానెయ్యి: జున్నుపాలకు సమానంగ మామూలు పాలు, వడగట్టిన బెల్లం. ఏది కలిపినా, కాల్చిన అడుగుల పోసి మళ్ల కాల్చు.

అసలు కిటుకు మంటల ఉంది. జున్నుకు బొక్కలు పడి నీళ్లూరితే మంట ఎక్కువైనట్టు కదా? గుడ్డు కస్టర్డుదీ అదే తీరు. 80 డిగ్రీల కాడ గట్టిపడ్తది, ఇంకా కాగితే విరుగుతది. అంచులు బిగిసి నడుమ ఇంకా ఊగుతుండంగనే దించు. చాకు పొడిచి తడి లేకుండా వచ్చేదాక పెట్టమంటరు చానామంది. నేను ఒప్పుకోను, అప్పటికే ఆలస్యమైతది.

దసరా ముందటెనుక సీతాఫలాలు వస్తయి. మన పాలమూరు బాలానగర్ పేరుతోని ఒక రకమే ఉంది. గుజ్జు కస్టర్డుల కలిపి కాల్చాలని మనసు గుంజుతది, వద్దు! వేడికి సీతాఫలం చేదెక్కుతది. గింజలు తీసిన గుజ్జును పై చల్లారినంక మీద పరువు. ఎండకాలమైతే నాగర్‌కర్నూల్ దిక్కు కొల్లాపూర్ మామిడి ముక్కలు.

కోసేముందు రెండు మూడు గంటలు చల్లారాలె, వేడి మీద కోస్తే కారిపోతది. అందాక పిల్లలను వంటింట్లకు రాకుండ ఆపే ఉపాయం నా కాడ లేదు. నీకు దొరికితే చెప్పు చెల్లీ.